ప్రభుబల్లకు కొత్త జాడీ

మా ఆవిడ రత్నకుమారి బందరులో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైంది. ఇప్పుడు శుభ్రం చెయ్యడానికి వార్డులు లేక, ఆ జోరంతా గిన్నెల మీదా నా మీదా చూపిస్తోంది. అలాంటి మనిషికి ఈ ఏడాది చర్చి కమిటీ ఒక పని అప్పజెప్పింది. ఈస్టరు నాడు ప్రభుబల్లకు, అంటే ఆరాధనలో రొట్టెతో పాటు అందరికీ పంచడానికి, కావలసిన ద్రాక్షరసం మా ఇంట్లోనే పులియబెట్టి ఇవ్వాలి. ఇరవై ఆరేళ్లుగా ఆ పని చూసుకున్న ఏసుపాదం గారికి ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి. ఈసారి రసం చెడితే వచ్చే ఏడాది నుంచి సీసాలు కొనడమేనని కమిటీ వాళ్లు ముందే తేల్చేశారు.

మా ఆవిడ సంబరం చూడాలి! మర్నాడే కింద కొళాయి ఉన్న పింగాణీ జాడీ కొనుక్కొచ్చింది. గుడివాడ నుంచి రెండు బుట్టల నల్లద్రాక్ష దిగింది. శనివారం పొద్దున్నే పెరట్లో జాడీ కొళాయి ఊడదీసి, రబ్బరు వాషరూ, మూతా, రసం దించే గొట్టమూ విడివిడిగా మరిగే నీళ్లలో వేసింది. జాడీని నాలుగుసార్లు కడిగింది. నేను సాయానికి వెళ్లబోతే ఆపేసింది.

"చేతులు కడుక్కున్నారా?"

"కడుక్కున్నానే."

"మోచేతుల దాకా?"

నిజం చెప్పొద్దూ, నాకూ హుషారెక్కింది. ద్రాక్షపళ్లు కడగడానికి లోపలికెళ్లాను. తిరిగొచ్చేసరికి పెరడంతా ఘాటు వాసన. నిప్పుల మీద ఇంగువ వేసి, ఆ పొగ మీద జాడీ బోర్లించి, కూనిరాగం తీస్తూ కూర్చుంది మహాతల్లి. ఏటా పచ్చళ్ల జాడీలకు పట్టే పొగే, అలవాటు కొద్దీ దీనికీ పట్టేసింది.

"రత్నం, ఇది ఆవకాయ జాడీ కాదే!"

ఆవిడ ముఖం పాలిపోయింది. చింతపండుతో తోమింది, నిమ్మచెక్కలతో రుద్దింది, సోడా వేసింది. వాసన వదల్లేదు. నాకు నవ్వు ఆగలేదు. ఆవిడ కళ్లల్లో నీళ్లు చూశాక ఆగింది.

"రసం ఇందులోనే పోసేద్దాంలే, పులిశాక వాసన అదే పోతుంది. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"ప్రభుబల్ల దగ్గర ఇంగువ వాసనా? మీరు ఊరుకోండి!" అని, ఏసుపాదం గారికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పేసింది.

ఆయన తన పాత జాడీ ఒళ్లో పెట్టుకుని ఆటోలో వచ్చారు. కొత్త జాడీలోకి వంగి వాసన చూసి, కుర్చీలో కూలబడ్డారు.

"నేను మూడుసార్లు చెడగొట్టానమ్మా. ఒక్కరికీ చెప్పలేదు. గుట్టుచప్పుడు కాకుండా విజయవాడ నుంచి సీసాలు తెచ్చి పోశాను. నువ్వు పండు పిసక్కముందే చెప్పావు. ఇక ఈ పని నీదే. కమిటీకి నేను చెప్తాను."

పాత జాడీ ఆవిడ చేతిలో పెట్టారు. "నిన్ననే కడిగానమ్మా, శుభ్రంగానే ఉంది" అన్నారు.

"చాలా థాంక్సండీ మావయ్యగారూ" అంటూనే ఆవిడ పీచు తీసుకుని, ఆయన ఎదుటే దాన్ని మళ్లీ తోమడం మొదలుపెట్టింది. ఏసుపాదం గారు లేచి, చెంబు రెండు చేతులతో పట్టుకుని, ఆవిడ తోముతుంటే నీళ్లు పోశారు.