మంచులో పిలుపు

మా ఊళ్ళో ఎవరైనా మొదటిసారి పిలిస్తే పలకరు. పెదపాడు దాటి చేపల చెరువుల గట్ల మీదుగా చాలా దూరం వెళ్తే, కొల్లేటి ఒడ్డున ఉంటుంది మా ఊరు. చలికాలం పొద్దున మంచు దిగిందంటే ఎదురింటి గుమ్మం కూడా కనపడదు. అలాంటప్పుడు నీళ్ళ వైపు నుంచి ఎవరు పిలిచినా ఊరుకోవాలి. మనిషైతే మూడుసార్లు పిలుస్తాడు. నీళ్ళలో ఉండేదైతే రెండుసార్లతో ఆగిపోతుంది. పలికామా, తీసుకుపోతుంది. తాడేపల్లిగూడెం వచ్చి హాస్టల్లో చేరాక, ఈ అలవాటు పుణ్యమా అని నాకు చెవుడని పేరొచ్చింది.

పీజీలో మా హిస్టరీ మేడమ్ ఒక పని అప్పజెప్పారు. ఇంట్లో చెప్పుకునే కథ ఒకటి తీసుకుని దానికి అచ్చులో ఆధారం వెతకాలి. నేను మా అమ్మమ్మ కథ తీసుకున్నాను. ఆవిడ తమ్ముడు అక్కగారింట్లోనే ఉండేవాడు. ఒక రాత్రి దోనె వేసుకుని చేపలకి వెళ్ళి కొల్లేట్లో పోయాడు. తెల్లారాక మంచులోంచి, అచ్చం అతని గొంతుతో, "అక్కా" అని రెండుసార్లు వినిపించింది. అమ్మమ్మ పలకలేదు. అప్పటికి మా అమ్మ కడుపులో ఉంది. ఆ రోజు పలికి ఉంటే మీ అమ్మా లేదు, నువ్వూ లేవు అని నాకు జడ వేస్తూ చెప్పేది. ఆ కథ విన్న రోజు నేను పెరట్లోకి ఒంటరిగా వెళ్ళేదాన్ని కాదు.

ఫోన్‌లో వెతికాను, ఏమీ దొరకలేదు. ఆ మాటే మేడమ్‌తో చెప్పాను.

"ఫోన్‌లో లేకపోతే జరగనట్టేనా అమ్మా? ఏలూరు వెళ్ళి పాత పేపర్లు తిరగెయ్యి" అన్నారు. నాకు ఒళ్ళు మండింది గానీ, శనివారం పాసింజరెక్కాను.

లైబ్రరీలో పాత పేపర్లు నెలకొక కట్టగా కుట్టి ఉంచారు. ఏ ఏడాదో, ఏ నెలో చెప్తేనే తీసిస్తారు. "మా అమ్మ కడుపులో ఉన్నప్పుడండీ" అన్నాను. లైబ్రేరియన్ గారు పెద్దాయన, కళ్ళజోడు పైకి తోసి నన్ను ఎగాదిగా చూశారు. అమ్మకి ఫోన్ చేసి అసలు పుట్టినరోజు కనుక్కుని, వెనక్కి లెక్కేసి, మంచు కురిసే నెలలు అడిగి తీసుకున్నాను. మొదటిరోజంతా మొదటి పేజీలే చూసి వృథా చేశాను. మొదటి పేజీల్లో మంత్రులుంటారు. మాలాంటి ఊళ్ళలో పోయినవాళ్ళు లోపల, సినిమా ప్రకటనల పక్కన ఉంటారని రెండో వారానికి గానీ నాకు తెలియలేదు. వాళ్ళ వార్త అక్కడికి చేరడానికి కూడా కొన్ని రోజులు పట్టేది. పేజీ తిప్పితే అంచులు పొడిపొడిగా రాలేవి. బావిలో పడినవాళ్ళు, పాము కరిచినవాళ్ళు, కాలవలో కొట్టుకుపోయినవాళ్ళు. ఇంతమంది ఇన్నాళ్ళూ ఈ బీరువాల్లో ఉన్నారా అనిపించింది.

చివరికి మా ఊరి పేరు కనిపించింది. దొరికిందని సంతోషపడ్డాను కూడా. తర్వాత చదివాను.

దోనె బోల్తా పడింది రాత్రి కాదు. తెల్లారాక, ఒడ్డుకి దగ్గర్లోనే. అందులో ఇద్దరున్నారు. ఒకతను ఈదుకుంటూ బయటపడ్డాడు. రెండో అతని కాళ్ళకి వల చుట్టుకుంది. దోనె అంచు పట్టుకుని కేకలు వేశాడట. ఒడ్డున ఇళ్ళుండీ ఎవరూ రాలేదని బతికినతను చెప్పాడట. పోయినవాడి పేరు అమ్మమ్మ తమ్ముడిదే.

అంటే, పిలిచినప్పుడు బతికే ఉన్నాడు.

వెనక నుంచి "అమ్మా" అని వినిపించింది. నేను పలకలేదు. మళ్ళీ "అమ్మా" అని వినిపించింది. ఆ తర్వాత ఆగిపోయింది. హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. మెడ తిప్పడానికి కూడా భయం వేసింది. తిప్పి చూస్తే లైబ్రేరియన్ గారు, నా కుర్చీ వెనకే నిలబడి ఉన్నారు.

"మూసే టైమైందమ్మా. పిలుస్తుంటే వినపడలేదా?"

మనిషే. రెండుసార్లే పిలిచాడు. నాకు ఏడుపొచ్చింది.

అటునుంచటే మా ఊరి బస్సెక్కాను, దారంతా ఒకటే ఆలోచన. ఆ కథను పట్టుకునే అమ్మమ్మ ఇన్నేళ్ళూ నిద్రపోయింది. దాన్ని నేను లాగేస్తే, ఈ వయసులో ఆవిడకి ఏం మిగులుతుంది? మార్కులు పోతే పోనీ, చెప్పకూడదనుకున్నాను.

మర్నాడు పొద్దున మంచు గుమ్మం దాకా వచ్చేసింది. అమ్మమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది.

"దొరికిందా?"

"లేదమ్మమ్మా."

"అదేంటే, వేశారుగా. మీ తాతయ్య నాకు చదివి వినిపించారు కూడాను."

ఆవిడ పుల్లలు ఎగదోస్తూ మామూలుగానే చెప్పింది.

"దెయ్యమని ముందు ఆయనే అన్నారు. తర్వాత ఊరంతా అందుకున్నారు. నాకోసమేలే పాపం. అనగా అనగా నేనూ అనేశాను."

"మరి ఆ రోజు..."

"గుమ్మంలోనే నిలబడి ఉన్నానే. మూడోసారి పిలవగానే పరిగెత్తుదామని."

బయట ఏమీ కనపడటం లేదు. నీళ్ళెక్కడో, గట్టెక్కడో తెలియడం లేదు. అమ్మమ్మ నా దగ్గరికి జరిగి, ఎవరైనా వింటారేమో అన్నట్టు గొంతు తగ్గించింది.

"మూడోసారి పిలిచాడేమో, నాకే వినపళ్ళేదేమో. పేపర్లో ఏమన్నా రాశారా?"

"రాయలేదమ్మమ్మా."

"పిలవలేదని రాశారా?"

"అదీ రాయలేదు."

"అయితే ఇంకా వెతకవే" అంది.