తుప్పు సంబంధం

వీరబ్రహ్మానికి పాత కారును బేరం చెయ్యడం చేతకాదు, దానికి పెళ్లిచూపులు జరపడమే వచ్చు. మైదుకూరులో పుట్టి, ఇరవై రెండేళ్లుగా ఒమాన్ దేశంలో అల్ అమెరాత్ అనే ఊళ్లోని ఒక గ్యారేజీలో ఇంజను మెకానిక్కుగా ఉన్న ఈ పెద్దమనిషి తుక్కు బండిని చూడబోయినా సరే, ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటాడు. రాహుకాలం వెళ్లేదాకా కదలడు. చేతిలో హల్వా డబ్బా ఉండి తీరాలి. ఆడపిల్ల ఇంటికి ఉత్త చేతుల్తో పోతామా అంటాడు.

ఈ ముచ్చట్లన్నీ పెద్దులుకు పదకొండేళ్లుగా తెలుసు. పెద్దులుది జగిత్యాల దగ్గర పల్లె. అదే గ్యారేజీలో డెంటర్, అంటే బండి సొట్టలు తీసి, రేకు కొట్టి అతుకులు వేసే మనిషి. చూపులకు మగపెళ్లివారి తరఫున వెంట వెళ్లడం జీతం కాగితంలో రాయని డ్యూటీ.

చూపుల్లో మొదటి ప్రశ్న చాసీ నంబరు. వీరబ్రహ్మం లెక్కలో అది గోత్రం. ఇంజను మీది నంబరు దానితో కలవాలి. మనుషులకు సగోత్రం పనికిరాదు గానీ, కార్లకు సగోత్రమైతేనే సంబంధం కుదురుతుంది. తర్వాత జేబులోంచి అయస్కాంతం తీసి బండి ఒళ్లంతా ఆనిస్తాడు. అది అంటుకోని చోట ఇనుము లేనట్టే, పుట్టీ పూసి రంగేశారన్నమాట. ‘మేకప్పు’ అని పక్కనున్న పెద్దులు చెవిలో ఊదుతాడు. చివరగా డ్రైవరు సీట్లో కూర్చుని అక్కడివాళ్లు కరక్ అనే చిక్కటి పాల టీ ఒకటి తాగుతాడు. ఆ టీ అయ్యేదాకా ఎవరూ నోరెత్తకూడదు.

బండి నచ్చకపోతే నచ్చలేదని చచ్చినా అనడు. ఇంటికెళ్లి కబురు చేస్తాం అని హిందీలో మర్యాదగా చెప్పి లేస్తాడు. ఆ మాటకు అర్థమేమిటో తెలుగువాళ్లలో పసిపిల్లలకైనా తెలుసు. ఒమానీలకేం తెలుసు, పాపం ఎదురుచూస్తారు. ఇబ్రీ నుంచి ఒకాయన నాలుగేళ్లుగా ఈద్ ఈద్‌కీ ఫోన్ చేసి, కుశలమడిగి, కబురేమైందని కనుక్కుంటున్నాడు. పెద్దవాళ్లతో మాట్లాడుతున్నామని వీరబ్రహ్మం ఇప్పటికీ చెబుతున్నాడు.

ఈ ఏడాది గ్యారేజీ యజమాని అబ్దుల్ వహాబ్‌కు, అంటే వీళ్ల అర్బాబ్‌కు, ఒక కోరిక పుట్టింది. పొడుగు ముక్కు, పెద్ద ఇంజను, స్టార్ట్ చేస్తే వీధంతా వినబడే పాతకాలపు అమెరికా కారు ఒకటి బాగుచేయించి, ఖురంలో పాత బండ్లవాళ్లు కలిసేచోటికి నడుపుకుంటూ వెళ్లాలట. మూడు బండ్లు ఆచూకీ తీశాడు. అందులో ఏది బాగుచేయడానికి తగినదో తేల్చమని వీరబ్రహ్మానికి అప్పగించాడు.

సరిగ్గా అప్పుడే పెద్దులు నెత్తిన పిడుగు పడింది. ఆ దేశంలో ఉండనిచ్చే కార్డును బతాకా అంటారు. అతని బతాకా వచ్చే నెలతో అయిపోతుంది. ఈ రోజుల్లో డోరు సొట్టపోతే కొత్త డోరు బిగిస్తున్నారు తప్ప పాతదాన్ని కొట్టించేవాడెవడు? డెంటర్‌కు పని లేదు, ఇక రెన్యూవల్ చేయించలేనని అర్బాబ్ నేల చూపులు చూస్తూ చెప్పాడు. పెద్దులు కూతురు నవీన కరీంనగర్‌లో నర్సింగ్ చదువుతోంది. ఇంకా రెండేళ్లుంది. ఈ బాధ అతను ఒక్క వీరబ్రహ్మానికే చెప్పుకున్నాడు. వీరబ్రహ్మం అంతా విని, నా మాగ్నెట్ యాడ పెట్టినావురా అని అడిగాడు. పెద్దులుకు మనసు చివుక్కుమంది.

బండి ఎంపికలో వీరబ్రహ్మానికి ఒక సూత్రముంది. ఇంజను పోతే ఇంకోటి పెట్టొచ్చు, గేరుబాక్సు పోతే తెప్పించొచ్చు, సీట్లు చిరిగితే కుట్టించొచ్చు, తుప్పు సంబంధం మాత్రం పగవాడిక్కూడా వద్దు. ఇది గ్యారేజీలో వందసార్లు చెప్పుంటాడు.

మొదటి బండి అల్ అమెరాత్‌లోనే ఉన్న ఎర్ర ముస్తాంగ్. తళతళలాడుతోంది. అయస్కాంతం నాలుగుచోట్ల ఆనిస్తే నాలుగుసార్లూ జారి కిందపడింది. వీరబ్రహ్మం టీ కూడా అడగకుండా కబురు చేస్తామన్నాడు.

రెండోది నిజ్వాలో కమారో. కొండల మధ్య పొడి ఎండలో నలభై ఏళ్లుగా నిలబడి ఉంది. ఇంజను జామ్ అయింది గానీ సగోత్రమే. పెద్దులు డిక్కీ మీద వేలితో కొడితే ఖంగుమంది. ఇంతకు మించిన బండి దొరకదని అతనికి తెలిసిపోయింది. దీన్ని తీసుకుంటే తనకు చెయ్యడానికేమీ ఉండదని కూడా తెలిసింది. ఒక్క చిల్లి కనబడితే బాగుండునని బండి కింద దూరి వెతికాడు. అలా వెతికినందుకు వెంటనే సిగ్గుపడ్డాడు కూడా. బయటికొచ్చి తుప్పు సంగతి ఉన్నదున్నట్టు చెప్పాడు.

“అన్నా, పిల్ల బంగారం. జంగు పేరుకు గూడ లేదు.”

వీరబ్రహ్మం టీ ముగించి, మూతి తుడుచుకుని, కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. నగలన్నీ ఎవరో ఒలుచుకుపోయారని పెదవి విరిచాడు. నిజమే, వెనకద్దం లేదు, దీపాల చుట్టూ ఉండే మెరుపు పట్టీలు లేవు. అయినా అవి ఒక సాకా? పెద్దులు నోరు తెరుచుకుని చూస్తుండగానే, ఇంటికెళ్లి కబురు చేస్తాం అనేశాడు.

మూడో చూపులకు అర్బాబ్ కూడా వచ్చాడు. బర్కాలో ఖర్జూరపు తోట మధ్య రేకుల పాకలో చార్జర్ అనే పాత కారు ఉంది. బండిగలావిడ హలీమా, డెబ్బై ఏళ్ల ముసలమ్మ. భర్త ముచ్చటపడి కొన్న బండి అని, ఆయన పోయాక దాన్నుంచి ఒక్క మర కూడా ఎవరినీ తీయనివ్వలేదు. అద్దాలు, దీపాలు, పట్టీలు అన్నీ పదిలంగా ఉన్నాయి. ఒళ్లు మాత్రం సముద్రపు గాలికి తుప్పు తినేసింది. డిక్కీలో కోడి పొదుగుతోంది. పెద్దులు డోరు తీసి లోపల కాలు పెట్టగానే ఫ్లోరు ఊడి, కాలు వెళ్లి బర్కా మట్టి మీద ఆనింది.

వీరబ్రహ్మం అదేమీ పట్టించుకోకుండా డ్రైవరు సీట్లో కూర్చుని టీ తాగాడు. ఆఖరి గుక్క మింగి, తాంబూలాలు మార్చుకుందాం అన్నాడు.

అర్బాబ్‌కు ఇరవై రెండేళ్ల సావాసంలో ఈ భాష అలవాటే. అందుకే అదిరిపడ్డాడు. తుప్పు వద్దని నువ్వే కదా అంటావు అని నిలదీశాడు. వీరబ్రహ్మం తొణకలేదు. నగలు పోతే ఈ వయసు బండికి మళ్లీ చేయించలేమన్నాడు. దీనికి అన్నీ ఉన్నాయి, గోత్రం కలిసింది, లేనిదల్లా రేకు, రేకు చేత్తో కొట్టుకోవచ్చన్నాడు. ఎవరు కొడతారని అర్బాబ్ అడిగాడు.

వీరబ్రహ్మం కంతలో నిలబడ్డ పెద్దులును చూపించాడు.

“యీడు కొడతాడు. అతుకు యాడుందో నువ్వు అద్దాలు పెట్టుకుని వెతికినా కనపడదు. వచ్చే నెల పంపిస్తాండావంట గదా, పంపించు. ఈమెకు ఇంటికి పోయి కబురు చేస్తామని చెప్పి లేచిపోదాం.”

ఇదంతా అతను హిందీ, అరబ్బీ, కడప కలిపి చెప్పాడు. అర్బాబ్ బండి పొడుగు ముక్కు వైపు చూశాడు. పెద్దులు వైపు చూశాడు. అర్థం కానంత అమాయకుడేం కాదు. గడ్డం కింద నవ్వుకుని, రేపు పాస్‌పోర్టు పట్టుకుని ఆఫీసుకు రమ్మని పెద్దులుకు చెప్పాడు.

పెద్దులు కంతలోంచి కాలు పైకి లాక్కున్నాడు. అన్నా, నా కోసమేనా అని తెలుగులో అడిగాడు. వీరబ్రహ్మం కసిరాడు.

“నీ మొగానికి అంత సినిమా ల్యాదులే. నాకు పిల్ల నచ్చింది, అంతే.”

అర్బాబ్ ఉత్సాహం పట్టలేక ఈ రేకు పనికి ఎన్నాళ్లు పడుతుందని అడిగాడు. పెద్దులు పనిలో ఎంత నిజాయితీపరుడంటే, తన బతుకు సంగతి కూడా మరిచిపోయి వేళ్లు ముడిచి లెక్క మొదలుపెట్టాడు. ఆరు నెలలు చాలని అనబోతున్నాడు. అది కనిపెట్టిన వీరబ్రహ్మం, రెండేళ్లు అని అరుస్తూ, వాడి నోరు మూయించడానికి సీట్లోంచే ఒక తన్ను విసిరాడు. తన్ను గురి తప్పింది. పాదం ఫ్లోరులోంచి దూసుకెళ్లి, ఇస్త్రీ ప్యాంటు మోకాలిదాకా దిగబడిపోయింది.

అర్బాబ్ వంగి ఆ కొత్త కంతను కాసేపు పరీక్షగా చూసి, రెండేళ్లు సరిపోతాయా అని దిగులుగా అడిగాడు.