నర్సింలు మీసం, మస్తాన్ టాంకరు

నర్సింలు మీసం చూసి బండి అప్పగించినవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, ఆయన పని చూసి మీసాన్ని మెచ్చుకున్నవాళ్లు తక్కువ. ఈ మాట అన్నది గిట్టనివాళ్లు కాదు, నర్సింలే. తనమీద తాను వేసుకునే జోకులకు ఆయనకు ఏనాడూ కరువు రాలేదు. సరుకు ఇంట్లోనే పండుతుంది కదా అంటాడు.

దోహాలో ఇండస్ట్రియల్ ఏరియాను మనవాళ్లు సనయ్యా అంటారు. అక్కడ పాత లారీలు బాగుచేసే ఒక గ్యారేజీలో నర్సింలు పెద్ద మెకానిక్కు. పెద్ద మెకానిక్కును దేశం ఏదైనా అందరూ ఉస్తాద్ అనే పిలుస్తారు. ఆయనది కామారెడ్డి పక్కన ఎల్లారెడ్డి దగ్గరి పల్లె. చిన్నప్పుడు సైకిళ్లకు పంచర్లు వేసి, తర్వాత ట్రాక్టర్ల షెడ్డులో పని నేర్చి ఖతర్‌కు వచ్చాడు. ఊరి లెక్కలో మాత్రం ఆయన ఉండేది దుబాయ్‌లోనే. అది దుబాయ్ కాదని భార్య సాయవ్వకు చెప్పి చెప్పి విసిగిపోయి, ఇప్పుడు తానే ఫోన్లో "దుబాయ్ల ఎండలు మండుతున్నయే" అంటున్నాడు.

ట్రాక్టర్ల దగ్గర నేర్చుకున్న విద్యలో ఒక సుఖం ఉంది. ఆ షెడ్డుకు వచ్చిన ట్రాక్టరు ఇంజిన్ ఆయిల్లో నీళ్లు కలిశాయంటే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, హెడ్ గ్యాస్కెట్ పోవడం. బ్లాక్ అనే ఇంజిన్ మొండేనికీ పైనున్న హెడ్డుకూ మధ్య పరిచే పలుచటి రేకు అది. అది మార్చితే రోగం పోయేది. లారీ ఇంజిన్లలో నీళ్లూ నూనే పక్కపక్కన పారే చోట్లు ఇంకా ఉన్నాయని ఖతర్‌కు వచ్చాక నర్సింలు తెలుసుకున్నాడు. తెలిసింది బుర్రకే, నాలుకకు తెలియలేదు. ఏ బండి వచ్చినా, అది నిలబడకముందే ఆ నాలుక "హెడ్ గ్యాస్కెట్" అనేసేది. గ్యారేజీ పక్కన చాయ్ దుకాణం నడిపే జానీ, ఏసీ పనిచేయకపోయినా, చక్కెర అయిపోయినా "ఉస్తాద్, హెడ్ గ్యాస్కెట్?" అని అడిగేవాడు. జానీది కేరళ. పదిరకాల జనానికి చాయ్ పోసీ పోసీ అన్ని భాషల్లోనూ ఎగతాళి నేర్చాడు.

మీసం మాత్రం నిజంగా చూడదగ్గదే. కొసలు రెండూ పైకి మెలేసి, కొబ్బరినూనె రాసి, గ్రీజు తగలకుండా కాపాడుకునేవాడు. చేతులు కడుక్కోకుండా అన్నం తిన్న రోజులున్నాయి గానీ, కడుక్కోకుండా మీసం ముట్టిన రోజు లేదు. పెళ్లిచూపుల్లో సాయవ్వ తనను చూసి ఒప్పుకుందో, మీసాన్ని చూసి ఒప్పుకుందో ఇంతవరకూ అడగలేదు. అడిగితే నిజం చెబుతుందని ఆయన భయం.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం మస్తాన్ టాంకరు వచ్చి గ్యారేజీ ముందు ఆగింది.

మస్తాన్‌ది రాయచోటి వైపు. వయసు యాభై దాటింది. దుఖాన్ రోడ్డు మీద ఒక ముసలి అర్బాబుకు, అంటే అరబ్బు యజమానికి, మేకలూ ఒంటెలూ ఉన్న తోట ఉంది. ఆ తోటకు ఈ టాంకరుతో నీళ్లు తోలడం మస్తాన్ పని. అర్బాబుకు ఉన్నది ఒక్క టాంకరు, దానికి ఒక్క డ్రైవరు. బండి ఉంటే మస్తాన్ ఉంటాడు, బండి పోతే మస్తాన్ కూడా ఇంటికి పోవాలి. చూపు కాస్త తగ్గిన ఈ వయసులో ఇంకో కంపెనీ మెడికల్ పాసై కొత్తగా చేరడం జరిగే పని కాదని ఆయనకు తెలుసు. అందుకే తన మోకాళ్ల నొప్పి ఎవరికీ చెప్పడు గానీ, బండికి చిన్న దగ్గు వచ్చినా సనయ్యాకు పరుగెత్తుకొస్తాడు.

నర్సింలు నూనె కొలిచే డిప్‌స్టిక్ పుల్ల లాగి చూశాడు. నల్లగా ఉండాల్సిన నూనె పాలెక్కువైన చాయ్ రంగులో ఉంది. వేళ్లమధ్య రుద్దితే మీగడలా జారింది. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంటు నీళ్లు నూనెలో కలిస్తే ఇలాగే అవుతుంది. దాన్ని ఆయన "ఇంజిన్ పాలిచ్చింది" అంటాడు. ఆ పాలతోనే నడిపితే బేరింగులు అరిగి ఇంజిన్ పట్టేస్తుంది.

"ఉస్తాదూ, ఇంగోటి గూడా ఉండాది," అన్నాడు మస్తాన్. "రేడియేటర్ మూత తీసినానా, లోపల..."

"ఆగన్నా. గిది హెడ్ గ్యాస్కెట్. ఇంకో ముచ్చట లేదు."

"అది కాదబ్బా, నేను జెప్పేది రోంత ఇను."

"నువ్వు బండి తోలే పని జూస్కో, నేను రోగం జూసే పని జూస్త. డాక్టర్ కాడికి వోయి నువ్వే రోగం జెప్తవా?"

డాక్టరు దగ్గరికి పోయినవాడు తన బాధ తాను చెప్పుకోక ఇంకెవరు చెబుతారన్న సంగతి నర్సింలుకు చాలా తర్వాత తట్టింది. మస్తాన్ మాత్రం మర్యాదస్తుడు కాబట్టి నోరు మూసుకున్నాడు.

జానీ గ్లాసులు తెచ్చి అక్కడే నిలబడ్డాడు. "ఉస్తాద్, ఈసారైనా పక్కానా?" అని కన్ను గీటాడు. చుట్టూ నాలుగైదు బళ్ల డ్రైవర్లు ఉన్నారు. జనాన్ని చూస్తే నర్సింలుకు పూనకం వస్తుంది. మీసం కొస పట్టుకుని మెలితిప్పాడు.

"నేను బాగు జేసినంక ఈ ఇంజిన్ల మళ్ల పాలు కనవడితే, మీసం తీసేస్త. నీ దుకాణం ముంగట్నే తీస్త, సరేనా?"

మీసం మీద పందెం అంటే ఏమిటో జానీకి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఆయనకూ మీసం ఉంది.

నర్సింలు హెడ్డు విప్పాడు. పాత గ్యాస్కెట్ తీసి వెలుతురుకు పట్టి చూశాడు. ఒకచోట కాస్త నల్లగా ఉంటే "ఇగో దొరికిండు దొంగ" అని అందరికీ చూపించాడు. నిజానికి పాత గ్యాస్కెట్ ఎక్కడ చూసినా నల్లగానే ఉంటుంది. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. హెడ్డు చదును చేయించి, కొత్త రేకు వేసి, పాత నూనె వంచేసి, రేడియేటరు కడిగి, బండి స్టార్ట్ చేశాడు. అది ఒంటెలా ఒకసారి మూలిగి, తర్వాత బుద్ధిగా నడిచింది. మస్తాన్ రెండు చేతులూ పట్టుకుని ఊపి వెళ్లిపోయాడు. ఆ వారం నర్సింలు మీసానికి మామూలుకన్నా ఎక్కువ నూనె పట్టింది.

వారం దాటగానే టాంకరు మళ్లీ వచ్చింది. మస్తాన్ దిగి డిప్‌స్టిక్ లాగి చూపించాడు. పాలు.

చాయ్ దుకాణం దగ్గరున్నవాళ్లంతా డిప్‌స్టిక్‌ను వదిలేసి నర్సింలు పై పెదవి వైపు చూశారు. జానీ గ్లాసు కడుగుతూనే ఉన్నాడు, ఆ గ్లాసు ఎంతకీ శుభ్రం కావడం లేదు. అంతలో ముసలి అర్బాబు కూడా తన కారులో వచ్చాడు. ఆయన నెమ్మదస్తుడు, చెడ్డవాడు కాదు, కాకపోతే ఓపిక అయిపోయింది.

"యా నర్సింలు, ఈ మకీనా ఒకసారి బాగు చేస్తే ఇంకోటి పోతుందా? అలాగైతే ఖలాస్. బ్లాక్ పగిలిందంటే చెప్పు, సక్రాబ్‌కు ఇచ్చేస్తాను. మస్తాన్ ఇంటికెళ్తాడు," అన్నాడు అర్బాబు హిందీలో అరబ్బీ కలిపి. మకీనా అంటే ఇంజిన్, సక్రాబ్ అంటే పాత ఇనుము.

అప్పుడు నర్సింలుకు ఒక దారి కనపడింది. బ్లాక్ పగిలింది అంటే చాలు. ఇంజిన్ లోపలి పగులును ఎవరు తొంగిచూస్తారు? గ్యాస్కెట్ సరిగ్గానే వేశాను, తర్వాత బ్లాక్ పగిలితే నా తప్పా అనవచ్చు. మీసం దక్కుతుంది, పేరూ దక్కుతుంది. సిగ్గులేకుండా చెప్పాలంటే, ఆ మాట పళ్ల దాకా వచ్చేసింది కూడా.

అర్బాబు మాట మస్తాన్ విన్నాడు. క్యాబిన్ ఎక్కి తన సామాను దించడం మొదలుపెట్టాడు. ఒక జత చెప్పులు, ఊరగాయ సీసా, సీటు మీద పరుచుకునే తుండు. దించినవాటిని నీడలో వరసగా పెట్టి, మళ్లీ ఎక్కి, పక్క అద్దాన్ని చొక్కా చేతితో తుడిచాడు. ఇనుప సామానుకు పోయే బండి అద్దం ఎందుకు తుడుస్తున్నాడో ఆయనకే తెలియాలి.  నర్సింలుకు తనమీద తనకు మొదటిసారి నవ్వు రాలేదు, రోత పుట్టింది.

"రేపటిదాంక టైం ఇయ్యి బాబా," అన్నాడు అర్బాబుతో. ఆయన తలూపి వెళ్లాక మస్తాన్ దగ్గరికి నడిచాడు.

"మస్తానన్నా, ఆ దినం నువ్వేందో జెప్పవోయినవ్. ఏంది?"

మస్తాన్ నమ్మలేనట్టు చూశాడు. "రేడియేటర్లో నూనె తెట్టు కట్టుండాది ఉస్తాదూ. నీళ్ల మింద తేల్తా ఉండాది. మల్లా ఈ వారం గూడా అట్నే. బండి వేడెక్కేది లేదు, పొగ లేదు. రాత్రంతా ఆపినాక పొద్దున చూస్తే నూనెలో నీళ్లు ఎక్కువుంటాయి. ఇదే నేను జెప్పాలనుకునింది."

నర్సింలు నుదురు కొట్టుకున్నాడు. నూనె నీళ్లలోకి వస్తోంది, నీళ్లు నూనెలోకి పోతున్నాయి. నడిచేటప్పుడు నూనెకు ఒత్తిడి ఎక్కువ, అది నీళ్లలోకి దూరుతుంది. ఆపేశాక నూనె ఒత్తిడి పడిపోతుంది, వేడి నీళ్లకు ఇంకా ఉంటుంది, అవి నూనెలోకి దూరతాయి. పొగ లేదు, వేడి లేదు అంటే గ్యాస్కెట్ కాదు. రెండూ ఆనుకుని పారే చోటు ఇంకొకటి ఉంది, ఆయిల్ కూలర్. ఇంజిన్ పక్కన ఒక మూత వెనక ఉంటుంది. తాను పని నేర్చిన ట్రాక్టర్లకు లేదు, లారీకి ఉంటుంది. ఇంతకాలం ఆ మూతను కళ్లతో చూస్తూనే ఉన్నాడు.

ఈసారి తొందరపడలేదు. నూనె వంచేసి, కిందనున్న ఆయిల్ చాంబర్ ఊడదీశాడు. రేడియేటర్ మూతి దగ్గర చేతిపంపు బిగించి గాలి కొట్టి, అట్టముక్క పరుచుకుని బండి కింద పడుకున్నాడు. సిలిండర్ల అడుగున టార్చి వేసి చూశాడు. ఎంతసేపు చూసినా అక్కడ ఒక్క చుక్క రాలేదు. పక్క గోడ నుంచి, కూలర్ ఉన్న వైపు నుంచి, నీరు సన్నగా దారం పోసినట్టు దిగింది.

కూలర్ విప్పి బయటికి తెచ్చాడు. కళ్లకు పగులేమీ కనపడలేదు. ఒక రంధ్రం మూసి, రెండోదానికి గాలి పైపు తగిలించి, తాను బట్టలుతుక్కునే టబ్బు తెప్పించి నీళ్లలో ముంచాడు. ఒక మూల నుంచి బుడగలు వరసకట్టి పైకి వచ్చాయి.

నర్సింలు ఆ బుడగలనే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర సైకిల్ ట్యూబు పంచరు కనుక్కున్నది సరిగ్గా ఇలాగే, టబ్బులో నీళ్లు పోసి. అప్పటి విద్యతోనే తేలిపోయే రోగానికి ఇప్పటి ఉస్తాదు పోయి హెడ్డు విప్పాడు, పంటినొప్పికి తల కోసినట్టు.

"ఏమైంది ఉస్తాదూ?" అని భయంగా అడిగాడు మస్తాన్.

"ఏం గాలేదన్నా. బండికేం గాలేదు."

మరుసటి రోజు కొత్త కూలర్ వేసి, లోపలంతా కడిగి, బండి నడిపి, ఆపి, చల్లారనిచ్చి, మళ్లీ చూశాడు. డిప్‌స్టిక్ మీద నూనె తేనె రంగులో మెరిసింది. అప్పుడే అర్బాబు వచ్చాడు. పాత కూలర్‌ను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"మొన్న గ్యాస్కెట్, ఇవాళ ఇది. రేపు ఏమిటి? ముసలి మకీనా. ఎందుకొచ్చింది, అమ్మేస్తాను," అన్నాడు.

జానీ దుకాణం ముందు జనం చేరారు. మస్తాన్ సామాను ఇంకా నీడలోనే ఉంది. నర్సింలు ఒకసారి మీసం తడుముకున్నాడు, చేతులు కడుక్కోకుండానే.

"బాబా, మకీనా జైన్," అన్నాడు, అందరికీ వినపడేలా. "మొన్న గ్యాస్కెట్‌కు ఏమీ కాలేదు. రోగం మొదటినుంచీ ఇదొక్కటే. మస్తాన్ చెప్పబోయాడు, నేను వినలేదు. మకీనా జైన్. అనా ఖర్బాన్."

ఇంజిన్ బాగుంది, చెడిపోయింది నేను అని. అర్బాబు ఆయన ముఖంలోకి తేరిపార చూసి, ఉన్నట్టుండి ఫక్కున నవ్వాడు. కూలర్ కింద పెట్టి, మస్తాన్ వైపు తిరిగి, "యల్లా, ఒంటెలు దాహంతో ఉన్నాయి," అన్నాడు. మస్తాన్ చెప్పులూ ఊరగాయ సీసా తుండూ ఒక్కసారిగా ఎత్తుకోబోయి, చెప్పు ఒకటి జారవిడిచి, దానికోసం వెనక్కి వచ్చాడు. వచ్చినవాడు నర్సింలు భుజం మీద చెయ్యి వేశాడు.

"మీసం వద్దులే ఉస్తాదూ. ఊరికే అన్న మాట గదా," అన్నాడు.

"ఊకె అన్లేదన్నా. పది మంది ముంగట అన్న."

జానీ అద్దం పట్టుకున్నాడు. ఆశ్చర్యం ఏమిటంటే ఎవరూ ఎగతాళి చేయలేదు. కత్తెర పని అయ్యాక, బ్లేడు పని కూడా అయ్యాక, అద్దంలో ఎవరో పరాయి మనిషి కనిపించాడు. మీసం కింద అంత పెద్ద నోరుందని నర్సింలు అప్పుడే చూశాడు. అంత నోరున్నవాడు అన్ని మాటలు అనడంలో వింత లేదనుకున్నాడు.

సాయంత్రం సాయవ్వకు వీడియో కాల్ చేశాడు. ఆమె తెరలోకి చూసి, కొంగు సర్దుకుని, లోపలికి తిరిగి కేకేసింది.

"అత్తా, దుబాయ్ నుంచి ఎవడో ఫోన్ జేసిండు సూడు!"

"నేనేనే."

గొంతు గుర్తుపట్టి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నర్సింలు జరిగిందంతా చెప్పాడు. గ్యాస్కెట్ సంగతి, పాల సంగతి, బ్లాక్ పగిలిందని అబద్ధం ఆడబోయిన సంగతి కూడా దాచలేదు. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాకుండా వింది. ఆయన భార్య అలా వినడం ఆయనకు కొత్త. తాను ఎవరి మాటా అలా వినలేదని గుర్తొచ్చి సిగ్గేసింది.

"గా డ్రైవరన్న నౌకరి ఉన్నదా మరి?" అని అడిగింది సాయవ్వ.

"ఉన్నది. ఇయ్యాల్నే నీళ్లు దీస్కవోయిండు."

"అయితే ఏం బుగులు లేదు. మీసం మొలుస్తది తియ్యి," అంది.