ఎట్ల వచ్చిండు?

ఇంగ్లిషులో ఆడ్‌వెర్బ్ అంటే ఏమిటో మా గోదావరిఖని క్వార్టర్లలో ఏ పిల్లనైనా అడగండి, టక్కున చెబుతుంది. అంతా షిరీన్ టీచర్ చలవ. మాది పక్క క్వార్టరే. ఆమె భర్త నజీర్ బొగ్గుబాయిలో పనిచేసేవాడు. సాయంత్రం వరండాలో ట్యూషన్ మొదలవగానే ఆమె అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "మీ డాడీ డ్యూటీ నుంచి ఎట్ల వచ్చిండు?"

పిల్లలు పోటీపడి చెప్పేవారు. స్లోలీ, హ్యాపీలీ, యాంగ్రీలీ. "ఎట్ల అని అడిగితే వచ్చే జవాబే ఆడ్‌వెర్బ్, బేటా" అనేది. చివర్లో వాళ్లు ఆమెనే అడిగేవారు: "మరి నజీర్ కాక ఎట్ల వచ్చిండు టీచర్?" లోపల్నుంచి నజీర్ అరిచేవాడు: "హంగ్రీలీ వచ్చిన! జల్ది అన్నం పెట్టుమనుండ్రి!" ఇక ఒకటే నవ్వులు. ఆ మనిషి నోరు ఊరికే ఉండేది కాదు.

ఈ వానాకాలం గనిలో పైకప్పు కూలి నజీర్ పోయాడు. బంగారంలాంటి మనిషి. దేవుడికి కళ్లు లేవు, అంతే.

భర్త పోయాక ఇద్దత్ అని కొన్ని నెలలు గడప దాటకూడదు వాళ్లలో. షిరీన్ దాటలేదు. పిల్లలే ఆమె దగ్గరికి వెళ్లారు. నౌన్ చెప్పింది, వెర్బ్ చెప్పింది, ఆ ప్రశ్న జోలికి మాత్రం పోలేదు. పరీక్షలు దగ్గరపడ్డాక ఒకరోజు మనసు రాయి చేసుకుని అడిగింది. నేను తోడుగా పక్కనే కూర్చున్నాను.

పిల్లలంతా నోటుబుక్కుల్లో ఏదో రాసుకుంటున్నట్టు నటించారు.

"అనూహ్యా, నువ్వు చెప్పు. మీ డాడీ ఎట్ల వచ్చిండు?"

"మా డాడీ రాలేదు టీచర్" అంది నా కూతురు. "ఎవ్వరి డాడీ రాలేదు."

అప్పుడే మా గేటు ముందు బండి ఆగింది. గని డ్యూటీ దిగి వచ్చిన నా భర్త సంపత్ దగ్గు అందరికీ వినిపించింది.

"తౌబా తౌబా! గా మాట అనొద్దు బేటా!" షిరీన్ దాన్ని ఒళ్లోకి లాక్కుంది. గని మీద బతికే ఇళ్లల్లో 'రాలేదు' అన్న మాట ఆటకైనా అనరు. "వచ్చిండు అను. ఎట్ల వచ్చిండో చెప్పు."

"మీకు ఏడుపొస్తది కదా టీచర్."

"రానియ్యి. నువ్వు చెప్పు."

"సేఫ్లీ" అంది నా బిడ్డ, వెక్కుతూ.

"అందరు అనుండ్రి."

అందరూ అన్నారు. షిరీన్ కూడా వాళ్లతో కలిసి అంది. నా భర్త ప్రాణాలతో వచ్చినందుకు ఆ పూట ఆమె ముందు తలెత్తలేకపోయాను.

పాఠం అయిపోయింది. చివర్లో అడిగే ప్రశ్న ఎవరూ అడగలేదు. అయినా షిరీన్ లోపలి తలుపు వైపు చూస్తూ కాసేపు ఆగింది.