మిరప ఘాటు అంటిన పుస్తకం

మొన్న పొద్దున మా మనవరాలు నా పక్కన కూర్చుని ఫోను చూస్తోంది. ఎక్కడో దూరదేశంలో మట్టిగోతిలోకి దిగి రాళ్ళు ఏరుతున్న ఒక చిన్నపిల్ల అందులో కనిపించింది. కంట్లో ఏదో పడిందేమో, వేళ్ళతో కాకుండా మోచేతి మడతతో కన్ను తుడుచుకుంది. మనవరాలు ఆ బొమ్మను పైకి తోసేయబోతుంటే, "ఉండవే, ఆ పిల్లను కాసేపు చూడనీ" అన్నాను. వేళ్ళు కంటికి తగలకూడదని తెలిసిన పిల్లలే అలా తుడుచుకుంటారు. మిరప కల్లాల్లో పెరిగిన నా ఈడు వాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

మాది తిరువూరే. నాన్న పోయాక అయిదో తరగతితో నా బడి ఆగిపోయి, అమ్మతో, అక్కతో కలిసి గంపలగూడెం రోడ్డు పక్కన షావుకారు గారి కల్లంలో ఎండుమిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్ళేదాన్ని. పొద్దుగుంకే వేళకు వేళ్ళు నిప్పుల్లో పెట్టి తీసినట్టుండేవి. అమ్మ మజ్జిగ పోసి రుద్దినా ఆ మంట ఓ పట్టాన వదిలేది కాదు. అయినా నా ప్రాణమంతా ఇంటిదారిలో ఉన్న గ్రంథాలయం మీదే ఉండేది. అక్కడి మాస్టారు అమ్మ మాట మీద నాకు పుస్తకాలు ఇంటికిచ్చేవారు. బడి దూరమైనా చదువు దూరం కాలేదంటే అది ఆ చెక్కబీరువాల చలవేనని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను.

ఒకసారి అట్ట ఊడిన పుస్తకం ఒకటి దొరికింది. దేశదేశాల్లో పనికి పోయే పిల్లల కథలు. పొగగొట్టాల్లో దూరి మసి దులిపేవాళ్ళు, తివాచీలకు ముళ్ళు వేసేవాళ్ళు, బొగ్గుగనుల చీకట్లో కూర్చునేవాళ్ళు. లోకంలో మా కల్లం ఒక్కటే కాదన్నమాట అని ఆశ్చర్యపోయాను. మా తొడిమల ఊసు అందులో లేనందుకు కాస్త చిన్నబుచ్చుకున్నాను కూడా. మసి పిల్లాడి బొమ్మను ఎన్నిసార్లు వేళ్ళతో నిమిరానో!

నా తర్వాత ఆ పుస్తకం రిటైరైన పోస్టుమాస్టరు తాతగారి చేతికి వెళ్ళింది. ఆయనకు వేలు నాలుక మీద తడి చేసుకుని పేజీ తిప్పే అలవాటు. నాలుక భగ్గుమంది, అదే వేలితో కన్ను నలుపుకున్నారు, ఇంకేముంది! మర్నాడు నేను గుమ్మంలో కాలు పెట్టగానే మాస్టారు పుస్తకాన్ని వాసన చూసి, "ఇది పుస్తకమా, పచ్చడి బండా? ఇక నీకు పుస్తకం ఇస్తే ఒట్టు!" అన్నారు. నా చేతులు వాటంతటవే వెనక్కి పోయాయి. బడి పోయిననాడు రాని ఏడుపు ఆ రోజు వచ్చింది.

ఎర్రటి కళ్ళతో పక్కనే కూర్చున్న తాతగారు, "ఏదమ్మా, చేతులిలా చూపించు" అన్నారు. చూసి మాస్టారి వైపు తిరిగారు. "ఎక్కడో పొగగొట్టం పిల్లాడి గురించి చదివి అయ్యో అనుకున్నానండీ మాస్టారూ. మంట మాత్రం మన ఊరి పిల్లది. ఇంటికివ్వకండి, ఇక్కడే చదువుతుంది. పేజీ నేను తిప్పుతాను."

ఆ మిరప కాలమంతా సాయంత్రాలు గ్రంథాలయం బల్ల మీద ఆయన పక్కన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని చదివాను. పేజీ అయిపోయాక తలూపితే, "అప్పుడే అయిందా? ఉండు తల్లీ, నేనింకా సగంలోనే ఉన్నా" అని నవ్వేవారు. ఇవాళ ఏ పుస్తకం పట్టినా నా వేలు తనంతట తానే నాలుక మీదికి పోతుంది. అది ఆయన నుంచి అబ్బిన అలవాటే.

ఇప్పుడు మా వీధి పిల్లలు ఆటోల్లో బడికి వెళుతుంటే కళ్ళు చల్లబడతాయి. కానీ ఆ మట్టిగోతి పిల్ల మాత్రం మనసులోంచి పోవడం లేదు. ఆ రోజుల్లో మమ్మల్ని చూసేవాళ్ళే లేరు, అయినా మా మంట ఒక పెద్దాయన నాలుకకు తగిలింది. ఇవాళ ఆ పిల్లను లోకమంతా చూస్తోంది. ఫోను అద్దం మీద వేలు అలా జారిపోతుంది, వేలికి ఏమీ అంటదు.