మోకాలి కిందికి గౌను

1994లో బహ్రెయిన్‌లోని సల్మాబాద్‌లో, యూనిఫారాలు కుట్టే ఒక వర్క్‌షాపులో నేను కటింగ్ మాస్టర్‌ని. అంటే గుడ్డ మీద గీత గీసి కోసేవాణ్ణి. నా కత్తెర చప్పుడికి ఎడారి గాలి కూడా అంచు మడుచుకుని పక్కకి తప్పుకునేదని ప్రతీతి. ఆ ప్రతీతి పుట్టించింది నేనే.

గుడ్డ అంచులు విడిపోకుండా కుట్టే ఓవర్‌లాక్ మెషిన్ మీద మారిసెల్ అనే ఫిలిప్పీన్స్ అమ్మాయి ఉండేది. చిన్నప్పుడు పోలియో వచ్చిన ఎడమ కాలికి ఊతంగా ఇనప చట్రం, క్యాలిపర్. వాళ్ళ ఊరి కాలేజీలో తత్వశాస్త్రం చదివి వచ్చింది. మే నెలలో వాళ్ళవాళ్ళు ఒక హాల్లో మేరీమాత ఊరేగింపు చేస్తారు. ఆడవాళ్ళు గౌన్లు వేసుకుని నడుస్తారు. ఏటా తెర వెనక పూలు గుచ్చే మారిసెల్, ఈసారి తానూ నడుస్తానని గుడ్డ తెచ్చింది.

“నేల దాకా కోస్తానమ్మాయ్. క్యాలిపర్ కాదు, లోపల ఇనప గని ఉన్నా కనబడదు,” అన్నాను.

“వద్దు మాస్టర్. మోకాలి కిందికి చాలు. కనబడాలి.”

మాది హిందీ, ఇంగ్లీషు కలిపి వండిన కిచిడీ భాష. అందులోనే చెప్పింది: “ఆడదాని ఒళ్ళు చూడ్డానికే అంటారు. కాలు బాగోకపోతే అదే ఒంటిని దాచుకోమంటారు. మరి నేనెక్కడ నిలబడను? మా భాషలో కప్వా అని ఒక మాటుంది. పక్క మనిషి పరాయి కాదు, నాలో భాగం అని. నా కాలు కనబడితేనే కదా పక్కవాళ్ళు నాతో నడిచేది!”

పొద్దున్నే పనివాళ్ళ క్యాంపు నుంచి బస్సు దాకా, మారిసెల్‌ని మధ్యలో పెట్టుకుని మా వర్క్‌షాపు ఆడవాళ్ళంతా పెళ్ళికూతుళ్ళలా నెమ్మదిగా ఎందుకు నడుస్తారో నాకప్పుడు అర్థమైంది. డ్రైవర్ హారన్‌కి సముద్రం అవతల సౌదీ ఒంటెలు లేచి నిలబడేవి గానీ, వీళ్ళ అడుగు వేగం పెరిగేది కాదు.

గౌను మోకాలి కిందికే కోశాను. ఊరేగింపు ఇంకా రాకుండానే సూపర్‌వైజర్ ఆమె కాంట్రాక్టు ఆపేశాడు.

“రోజూ బస్సు లేటు. ఆమె వల్లే. ఖలాస్.”

“నడక కాదు సార్, ఆ పిల్ల కుట్టు చూడండి,” అని బతిమాలాను. ఆయన గడియారం చూసుకున్నాడు.

మారిసెల్ గౌను మడిచి పెట్టెలో పెట్టుకుంది. “మా ఊళ్ళో నడుస్తాలే మాస్టర్,” అంది. నడిచిందో లేదో ఇప్పటికీ తెలియదు.

ఆమె వెళ్ళిన మర్నాడు ఆడవాళ్ళు ఎప్పటిలాగే నెమ్మదిగా బస్సు దగ్గరికి వచ్చారు, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి.

“ఇంకా ఎవరికోసం? యల్లా, పదండి!” అని డ్రైవర్ అరిచాడు. ఎవరూ తొందరపడలేదు.

మనిషిని ఒంటరిగా నిలబెట్టి కొలతలు తీయడమే నేర్చుకున్నాను. ఆ ఖాళీకి నా టేపు చాల్లేదు. నేను పెంచి చెప్పని మాట ఇదొక్కటే.