దిగని పులి

మా వీధి దూదేకుల మౌలాలి మామకు ఏడాదికి ఒక్కనాడు పులి పూనుతుంది. మిగతా రోజుల్లో ఆయనంత మెత్తనివాడు జమ్మలమడుగులో లేడు. రోడ్డు పక్క కొట్టంలో విల్లు వేలాడదీసి, నారిని కొయ్యతో కొడుతూ దూది ఏకుతుంటాడు. మీసాల మీదా కనురెప్పల మీదా దూదిపింజలే. ఎవరు కసిరినా ఆ రెప్పలు ఆడిస్తూ నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఆయన కూతురికి పసితనంలో అమ్మవారు పోసింది. అందరూ ఆశ వదులుకున్నాక పీర్ల చావిడికి ఎత్తుకుపోయి, బిడ్డ బతికితే తన ఊపిరి ఉన్నంతవరకు పీర్ల పండక్కి పులివేషం కడతానని మొక్కుకున్నాడు. బిడ్డ బతికింది. పీరమ్మ అని పేరు మార్చినారు. అప్పటి నుంచి ప్రతి పండక్కీ ఒళ్ళంతా పసుపు రంగు పూసుకొని, నల్లచారలు గీయించుకొని, తోక కట్టుకొని తప్పెట్ల ముందు ఎగురుతాడు. ఎగిరి ఎగిరి పీరు ముందు పడిపోతాడు. పీర్లను చూసుకునే ముజావరు గఫూర్ తాత, చావిడి ముందర తవ్విన నిప్పులగుండంలోంచి ఇంత బూడిద తీసి నుదుట పెడతాడు. దాన్ని ఊదీ అంటారు. ఊదీ పడితేనే పులి దిగినట్టు. అంతవరకు వేషగాడు పసిబిడ్డలను ముట్టకూడదు. ముడితే ఆ బిడ్డను పులి పట్టినట్టేనట.

ఊదీ పడగానే మామ చేసే మొదటి పని పీరమ్మను భుజానికెత్తుకోవడం. పచ్చి రంగంతా దాని గౌనుకు అంటేది. ఆ గౌను ఉతకనిచ్చేది కాదు ఆ పిల్ల.

ఆంధ్రప్రదేశ్ వచ్చిన ఏడు, క్రిస్మస్ సెలవులకు హైదరాబాదు నుంచి ఒక పెద్ద అధికారి పెళ్ళాంబిడ్డలతో మా ఊరికి వస్తున్నాడని కబురొచ్చింది. గండికోట కొండల్లో చిరుతలున్నాయని ఎవరో చెప్పినారట. పిల్లలకు అడవి చూపించాలట. వాళ్ళు రాకముందే ఊరికి జ్వరం పట్టుకుంది. కరణం పద్మనాభయ్య కాలు నిలవకుండా తిరిగినాడు. ముసాఫిర్ బంగళాకు సున్నం కొట్టించినాడు, కొండలో మంచె కట్టించినాడు, ఎర కోసం ఒక మేకను పట్టించినాడు. పరుపులూ దిండ్లూ మౌలాలి మామ వంతు. పిల్లల దిండ్లకు వేరేగా మెత్తటి దూది ఏకినాడు.

జీపులో వచ్చినారు. మంచె మీద రోజూ కూచున్నారు. చిరుత రాలేదు. నక్కలు అరిచినాయి. మేక మాత్రం సర్కారు మేత తిని బలిసి, నడుచుకుంటూ ఊర్లోకి వచ్చింది. అధికారి కొడుకు పులి కావాలని ఏడుపు. ఆ తల్లి విసుగ్గా, “ఇక్కడివాళ్ళ ఆటపాటలేమైనా లేవాండీ? అవైనా చూపించండి” అందట.

మర్నాడు పొద్దున్నే పద్మనాభయ్య కొట్టం ముందర నిలబడినాడు. నేనూ అక్కడే ఉన్నాను.

“ఒరేయ్ మౌలా, సాయంత్రం బంగళాకాడ నీ పులి ఆట ఉండాల.”

మామ విల్లు ఆపినాడు. “అది ఆట కాదు సామీ, మొక్కు.”

“మొక్కైతే ఏమిరా? రెండుతూర్లు చేస్తే పుణ్యం రెండింతలు.”

“పీరు లేకుండా పులి ఎట్ల ఎగురుతాది సామీ? దించేదెవురు?”

“రంగు కడిగితే అదే దిగుతాదిలే. కిరసనాయిలు నేనిప్పిస్తా.” పద్మనాభయ్య నవ్వినాడు. తర్వాత కొట్టం నిట్రాళ్ళకేసి, పైన కప్పిన బోదగడ్డికేసి తీరిగ్గా చూసినాడు. “ఈ జాగా ఏ నంబరులో ఉందిరా? పోరంబోకేనా?”

అంతే. బెదిరించినాడని ఎవరూ చెప్పలేరు.

ఆయన పోయినాక, “పోవద్దు మామా” అన్నాను.

“కొట్టం పీకేస్తే విల్లు మీ ఇంట్లో తగిలిస్తావా అల్లుడా?”

మాదే ఒక అర్ర బాడుగిల్లు.

మామ గఫూర్ తాత దగ్గరికి పోయినాడు. తాత గడ్డం దువ్వుకుంటూ అన్నాడు. “పీర్ల నెల పొడిస్తేనే కదరా గుండం తవ్వేది? పొయ్యిలో బూడిద తీసి ఊదీ అని ఎట్ల పెట్టేది? నా చెయ్యి రాదు.”

“అయితే పోవద్దంటావా తాతా?”

“ఆ మాట అనే దమ్ము నాకు యాడిదిరా? చావిడి గూడా పోరంబోకే.”

సాయంత్రం చలిగాలిలో మామ ఒంటికి రంగు పూసినారు. ఒళ్ళు గగుర్పొడిచి చారలు వంకర్లు పోయినాయి. బంగళా ముందు తప్పెట్లు మోగినాయి. ఆ తప్పెట్లకు పండగనాడు ఊరంతా ఎగురుతుంది. ఆ పొద్దు మామ ఒక్కడే. మొదట తడబడినాడు. తర్వాత దెబ్బ ఎక్కేకొద్దీ కళ్ళు మారినాయి. నాలుగు కాళ్ళ మీద వంగి, నేల గీరి, గర్జించినాడు. అది నిజం గర్జనే, నాకు తెలుసు. పీరమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అధికారి చిన్నకూతురు జడుసుకొని కెవ్వుమంది. “చాలు, చాలు, ఆపమనండి! పిల్లకు జ్వరమొస్తుంది” అంటూ తల్లి దాన్ని ఎత్తుకొని లోపలికి పోయింది. అధికారి కాఫీకి లేచినాడు. పద్మనాభయ్య చెయ్యి ఊపితే తప్పెట్లు ఆగిపోయినాయి. ముందర పీరు లేదు, పడేదానికి చోటు లేదు. మామ నాలుగు కాళ్ళ మీద అట్లే ఉండిపోయి, పైకి చూసినాడు. ఎవరివైపు చూడాలో తెలియనట్టు చూసినాడు.

మర్నాడు జీపు పులివెందులకు పోయింది. పేరులో పులి ఉంది కదా, ఆడన్నా దొరుకుతుందేమోనని.

మామ పెన్నలో రంగు కడుక్కొని వచ్చినాడు. ఒక్క చార మిగల్లేదు. పీరమ్మ ఎదురుపోతే వెనక్కి గెంతినాడు. “ముట్టాకు తల్లీ. ఇంకా దిగలేదు.”

నేను పుస్తకాల్లో చదివినవన్నీ చెప్పినాను. మొక్కులు మనిషి భయంలోంచి పుట్టినాయన్నాను. రంగు రంగే, బూడిద బూడిదే అన్నాను. అంతా విని నవ్వినాడు. “నీ పుస్తకంలో ఊదీ ఉందా అల్లుడా? ఉంటే ఇంత పెట్టు, ఇప్పుడే దించుకుంటా.”

కొట్టం నిలిచింది. దూది ఏకుడూ నడిచింది. ఆయన తిండి వేరేగా తిన్నాడు, బయట అరుగు మీద పడుకున్నాడు. పీరమ్మ నిక్షేపంగా ఉంది. అందుకే మరీ భయపడినాడు. తాను దూరంగా ఉన్నందుకే బాగుందనుకున్నాడు. పండగ ఇంకా వానాకాలం దాకా లేదు.

ఎండలు ముదిరినాక ఒకనాడు కొట్టం ముందర కేక వినబడి పరుగెత్తినాను. పీరమ్మ నేల మీద కూలబడి ఉంది. తుమ్మముల్లు అరికాల్లో లోతుగా దిగింది, నెత్తురు కారుతోంది. తల్లి నీళ్ళకు పోయింది. మామ పిల్లకు బారెడు దూరంలో నిలబడిపోయినాడు.

“నువ్వు తియ్యి అల్లుడా! బిన్నా తియ్యి!”

“ఈయప్ప వద్దు, నాయనా నువ్వు రా” అని పీరమ్మ కాలు వెనక్కి లాక్కుంది. ఆయన ఒక అడుగు ముందుకు వేసినాడు. ఆగిపోయినాడు.

కాలు బలవంతంగా పట్టుకొని నేనే ముల్లు పీకినాను. ఆ పిల్ల ఏడుస్తూ నా వైపు చూడలేదు. వాళ్ళ నాయన వైపే చేతులు చాచింది.

“పులి ఎప్పుడు దిగుతాది నాయనా?”

మామ దూదికుప్ప దగ్గర చతికిలబడి, రెండు చేతులూ మోచేతుల దాకా అందులోకి దూర్చి, బయటికి రానీకుండా అదిమి పట్టుకున్నాడు.